బిగబట్టు బాబాయి, ఒక బిళ్ల బ్యాటరీ

మా వీధి చివరి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆయన్ని అందరూ బిగబట్టు బాబాయి అంటారు. "ఊపిరి బిగబట్టండి" అని చెప్పి తనూ బిగబడతాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో "వదలండి" అనడం మరిచిపోతే, ఒక పెద్దాయన మొహం కందిపోయేదాకా అలాగే నిలబడ్డాడట. అప్పట్నుంచి తన ఊపిరే తనకు గుర్తుచేయాలని ఈ ఏర్పాటు. ఇంట్లో భార్య సూదిలో దారం ఎక్కిస్తున్నా ఈయనకు ఊపిరాడదని నర్సులు నవ్వుతారు.

పాపను చంకనేసుకుని ఆ గదిలోకి పరుగెత్తిన రోజు నాకు నవ్వు రాలేదు. థర్మామీటర్‌లోని బిళ్ల బ్యాటరీ కనిపించడం లేదు. పాపేమో నోరు ఆడిస్తోంది. మింగి ఉంటే గొంతును లోపల్నుంచి కాల్చేస్తుందని, వెంటనే ఎక్స్‌రే తీయించమని డాక్టరమ్మ చెప్పింది.

అక్కడ నా చదువు అడ్డొచ్చింది. నేను పనిచేసేది డీఎన్‌ఏకి మరమ్మతు చేసే ప్రోటీన్ల మీద. ఎక్స్‌రే కిరణాలు తగిలి డీఎన్‌ఏ పోగు తెగితే అవి పసిగడతాయని, కణం రెండుగా చీలకుండా ఆపి, మరమ్మతుకు కావలసిన జన్యువులను మేల్కొలిపి కొన్నింటిని నిద్రపుచ్చుతాయని, బాగుపడనంతగా చెడితే కణాన్నే చచ్చిపొమ్మంటాయని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. బాబాయి సీసపు ఏప్రన్ పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. గుమ్మంలోంచి మా ఆయనే అందుకున్నాడు.

"ఆ ప్రోటీన్లు నీ ల్యాబులో కణాలకేనా? దేవుడు మన పాపకి ఇవ్వలేదా?"

నోరు మూసుకుని ఏప్రన్ కట్టుకుని పాప భుజాలు పట్టుకున్నాను. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య సందు కోసం బాబాయి పాప పొట్టనే చూస్తూ, అది దొరగ్గానే మీట నొక్కాడు. బొమ్మ అలుక్కుపోయింది.

"పాప కదల్లేదమ్మా, మీ చేతులే వణికాయి. ఇంకోటి తీయాలి."

ఒక్క ఎక్స్‌రేకి అంత ఉపన్యాసం దంచి, నా బిడ్డకి రెండోది నేనే తెచ్చిపెట్టాను. ఈసారి బిగబట్టమని నాకే చెప్పాడు. ఇద్దరం బిగబట్టాం. పాప మాత్రం హాయిగా గాలి పీల్చుకుంది.

బొమ్మలో గొంతులోనూ లేదు, పొట్టలోనూ లేదు. ఏప్రన్ విప్పి, చెమట తుడుచుకుందామని జేబులోంచి రుమాలు లాగితే బ్యాటరీ టంగున నేలమీద పడింది. జ్వరమే లేని పిల్లకి పూటకి పదిసార్లు జ్వరం చూసి బ్యాటరీ అయిపోతే, పొద్దున నేనే తీసి జేబులో వేసుకున్నాను. కంగారు జన్యువులను మేల్కొలిపే ప్రోటీన్లు నాకు దండిగా ఉన్నాయి, నిద్రపుచ్చేవే లేనట్టున్నాయి.

బాబాయి వంగి బ్యాటరీ తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకా బిగుసుకునే ఉన్న నా మొహం చూసి నాలిక కరుచుకున్నాడు.

"మళ్ళీ మరిచిపోయాను. వదలండమ్మా."