పిలాతు ఒక్కడికే పూచీ

టోర్కిల్ బ్రూన్ తాను స్వయంగా తూచి చూడని దేనికీ పూచీ పడడు. ఆయన గుణగణాలన్నీ ఈ ఒక్క ముక్కలో ఇమిడిపోతాయి. మిగతాదంతా దానికి తాత్పర్యమే.

ముప్పై ఎనిమిదేళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా డెన్మార్క్ దీవులన్నీ తిరిగి, చేపలవాళ్ళ కాటాలకీ వెన్న కొట్ల తూకపురాళ్ళకీ ముద్రలు కొట్టి కొట్టి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. "ఇవాళ చలి ఎక్కువగా ఉంది కదా" అంటే థర్మామీటరు చూసొచ్చి గాని ఔననడు. పెళ్ళైన కొత్తలో భార్య రాగ్నా "నేనంటే ఇష్టమేనా?" అని అడిగితే "అప్పుడే ఎలా చెప్పను?" అన్నాడట. పదకొండేళ్ళు గడిచాక, ఒకనాడు బంగాళాదుంపలు ఒలుస్తూ ఒలుస్తూ "ఔను" అన్నాడట. "ఏమిటి ఔను?" అంది రాగ్నా. "నువ్వడిగావుగా!" ఆవిడ బతికున్నన్నాళ్ళూ వాళ్ళుండే టెర్నో దీవిలో ఎవరింటికి వెళ్ళినా ఆ కథ చెప్పి పగలబడి నవ్వేది.

చలికీ పెళ్ళానికీ దక్కని మినహాయింపు దేవుడికి మాత్రం ఎందుకు దక్కుతుంది? ఒకసారి కడుపునొప్పితో పట్నం ఆసుపత్రిలో చేరితే నర్సు కాగితాలు పట్టుకొచ్చింది.

"మతం?"

"విచారణలో ఉంది."

"ఎన్నాళ్ళనుంచీ?"

"అరవై ఎనిమిదేళ్ళ నుంచి."

"పోనీ, నాస్తికుడని రాసేదా?"

"లేడని నేను తూచానా?"

"అయితే క్రైస్తవుడని రాస్తాను."

"ఉన్నాడని తూచానా?"

నర్సు ఆ గడి వదిలేసి కింది గడిలో "ఆహారం: ఏదైనా తింటాడు. కాఫీ నిషిద్ధం" అని రాసుకుని వెళ్ళిపోయింది.

కొత్త పాస్టరు మారెన్ ఈయన్ని మొదట చెవులతో చూసింది. టెర్నో చర్చిలో అది ఆమె మొదటి ఆదివారం. ముప్పై మూడేళ్ళ మనిషి. బల్లలన్నీ ఖాళీ. వెనక వరసలో ఒక ముసలాయన, ఆర్గన్ దగ్గర బోదిల్, అంతే. పాట మొదలైంది. వెనక నుంచి పిడుగులాంటి గొంతు లేచింది. నావికుల మొక్కుగా కప్పునుంచి వేలాడే కొయ్య ఓడ సైతం ఒక్కసారి ఊగింది. మారెన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంతలో చరణం మధ్యలో ఆ గొంతు ఠక్కున ఆగిపోయింది. గుండె ఆగిందేమోనని మారెన్ పరుగుతీయబోయింది. రెండు వరసలు గడిచాయో లేదో మళ్ళీ పిడుగు!

ప్రార్థన అయ్యాక చర్చి గదిలో కాఫీ. అది అక్కడి ఆనవాయితీ. ముసలాయన కప్పు చేతబట్టుకుని కిటికీ దగ్గర, జెరేనియం పూలకుండీ పక్కన నిలబడ్డాడు.

"ఒంట్లో బాగాలేదా అండీ? మధ్య మధ్య ఆగిపోయారు."

"బాగానే ఉంది పాస్టరమ్మా. మొదటి వరసలో పొలం మీద భరతపక్షి పాడుతుంది. అది నిజమే, రోజూ వింటున్నాను, పూచీ నాది. మూడో వరసలో దేవదూతలొచ్చారు. వాళ్ళతో నాకు పరిచయం లేదు."

"ఐదో వరసలో మళ్ళీ పాడారుగా?"

"మంచు పడింది కదా."

అప్పట్నుంచి మారెన్ రహస్యంగా పాటల పుస్తకం వెదికి పక్షులూ, చెట్లూ, వానా ఎక్కువున్న పాటలే ఎంచుకునేది. ఆ గొంతు లేకపోతే చర్చిలో ఆమె గొంతొక్కటే మిగులుతుంది మరి!

అసలు తమాషా విశ్వాస ప్రమాణం దగ్గర. అందరూ లేచి నిలబడి చెప్పాలి. టోర్కిల్ కూడా లేస్తాడు. పరలోకం, భూలోకం, సృష్టికర్త అన్నీ దాటిపోతాయి, ఆయన నోరు మెదపడు. యేసుకి శిలువ శిక్ష వేసిన రోమా అధికారి పేరు రాగానే మాత్రం, "పొంతి పిలాతు!" అని చర్చి అదిరేలా అరుస్తాడు. తరువాత "చనిపోయి, పాతిపెట్టబడి" అన్నది కూడా గట్టిగానే అంటాడు. "మూడో నాడు తిరిగి లేచి" అనగానే మళ్ళీ మౌనం.

"పిలాతు మీద మీకంత గురి ఏమిటండీ?" అంది మారెన్.

"అతగాడి పేరు చెక్కిన రాయి దొరికిందట. రాతి మీద ఉన్నవాడికి పూచీ పడొచ్చు. చావుకైతే రాయి కూడా అక్కర్లేదు."

టెర్నోలో ఈ పిలాతు కేకని ఎరగనివాళ్ళు లేరు. ఎండాకాలంలో చర్చి తలుపులు తీసి ఉంటే రేవు దాకా వినిపించేది. వలలు బాగుచేసుకునేవాళ్ళు "పిలాతు అయిపోయాడు, ఇంక ఇరవై నిమిషాల్లో కాఫీ" అని గడియారాలు సరిచూసుకునేవాళ్ళు.

ఒక వసంతంలో తలుపులు తట్టే మతప్రచారకులు ఇద్దరు పడవ దిగారు. అదే పడవలో దేవుడు లేడు, ఎప్పుడో పోయాడని ఉపన్యాసాలిచ్చే సంఘం తాలూకు కుర్రాడొకడు దిగాడు. ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు టోర్కిల్ ఇంటికే చేరారు. ఆయన ముగ్గురికీ రై రొట్టె, ఊరవేసిన హెరింగ్ చేప పెట్టాడు. "ఉన్నాడంటున్నారు, కొలత ఏది?" అని ఆ ఇద్దర్నీ పట్టుకున్నాడు. "పోయాడంటున్నావు, శవాన్ని చూశావా?" అని ఈ ఒక్కణ్ణీ పట్టుకున్నాడు. నాలుగు గంటల పడవ వెళ్ళిపోయింది. దీవిలో అద్దెకిచ్చే గది ఒక్కటే. ముగ్గురూ ఒకే గదిలో పడుకోవాల్సొచ్చింది. మర్నాడు రేవులో మారెన్‌కి ఎదురైతే ముగ్గురూ ఒక్క గొంతుతో టోర్కిల్ని తిట్టిపోశారు. మతాల మధ్య అంత ఐకమత్యాన్ని ఆమె ఆ ముందూ చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

ఇలా తొమ్మిదేళ్ళు గడిచాయి. మారెన్ ఇక ఇక్కడే ఉండిపోతానని పెరట్లో నాలుగు ఆపిల్ మొక్కలు నాటుకుంది. అవింకా కాపుకి రాకుండానే పట్నం నుంచి పెద్ద పాస్టరు హోల్గెర్ గారి ఉత్తరం వచ్చింది.

సంగతేమిటంటే, ఆదివారం ఊరివాళ్ళు ఒక్కరైనా రాకపోతే ప్రార్థన రద్దు. పాస్టరూ, ఆర్గన్ వాయించే మనిషీ లెక్కలోకి రారు. టెర్నోలో కాగితం మీద చర్చి సభ్యులు రెండు వందల పద్నాలుగు మంది. వాళ్ళు వస్తే ఏ క్రిస్మస్‌కో, బాప్తిస్మానికో, పెళ్ళికో, చావుకో వస్తారు. చావుకైతే మోసుకొస్తారు. మిగిలిన ఆదివారాలు వచ్చేది టోర్కిల్ ఒక్కడే. తుఫానుకి పడవలు ఆగిపోయిన రోజున కూడా కనుబొమల మీద మంచుతో వచ్చి కూర్చునేవాడు. మారెన్ రిజిస్టరులో "హాజరు: ఒకరు" అని రాసుకునేది.

"ఆ ఒకరు బాప్తిస్మమే లేని మనిషని తెలిసింది," అని రాశారు హోల్గెర్ గారు. "సభ్యుడు కానివాణ్ణి నేను లెక్కవేయను. వచ్చే నెల రెండో ఆదివారం స్వయంగా వచ్చి చూస్తాను. పరిస్థితి ఇదే అయితే చర్చికి తాళం వేసి, మిమ్మల్ని పట్నానికి మార్చక తప్పదు."

సభ్యత్వ చీటీ ఉన్న రెండు వందల పద్నాలుగు మందీ రారు. వచ్చే ఒక్కడికీ చీటీ లేదు. మారెన్ రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడోరోజు సిగ్గు చంపుకుని, బాప్తిస్మం దరఖాస్తు పట్టుకుని టోర్కిల్ ఇంటికి వెళ్ళింది.

"ఒక్క నీటిచుక్క, ఒక్క సంతకం టోర్కిల్ గారూ. అంతే."

"నీటిచుక్కతో పేచీ లేదు, కొలవొచ్చు. సంతకం దేనికి?"

"నమ్ముతున్నానని."

ఆయన కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. "తొమ్మిదేళ్ళుగా నిన్ను ఎరుగుదును. దొంగతూకానికి ముద్ర కొట్టమని నువ్వే అడుగుతున్నావా?"

మారెన్‌కి మొహం మాడిపోయింది. దాంతో కోపం వచ్చింది. "నమ్మరు. సగమే పాడతారు. సంతకం పెట్టరు. మరి ప్రతి ఆదివారం దేనికొస్తారండీ మీరు?"

టోర్కిల్ చూపు తప్పించాడు. ఆయన చూపు తప్పించడం ఆమెకి కొత్త.

"కాఫీ బాగుంటుంది," అన్నాడు.

రెండో ఆదివారం హోల్గెర్ గారు పడవ దిగారు. బొద్దుగా, మర్యాదగా ఉన్న మనిషి, చంకలో చిన్న పుస్తకం. మారెన్ ఆయన్ని వెంటబెట్టుకుని ఉరికంబం ఎక్కే మనిషిలా చర్చి తలుపు తీసింది.

చర్చి నిండిపోయి ఉంది. వలలవాళ్ళు, పాలవాళ్ళు, కొట్టు క్రెస్టెన్, అతని పెళ్ళాం, వాళ్ళ మనవలు. బల్లలు చాలక గోడవార నిలబడ్డారు. అందరి మొహాల్లోనూ తనిఖీలో పట్టుబడ్డ దుకాణదారు కళ.

"ఏమిటిది క్రెస్టెన్?" అని మారెన్ గుసగుసలాడింది.

"ఏం చెప్పమంటావమ్మా! మీ టోర్కిల్ తూకపురాళ్ళ ఇత్తడి పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నా కొట్టుకొచ్చి 'నువ్వు చర్చి సభ్యుడివటగా, ఆఖరుసారి ఎప్పుడెళ్ళావు?' అన్నాడు. మా వాడి బాప్తిస్మానికి అన్నాను. వాడికిప్పుడు ముగ్గురు పిల్లలు! 'డబ్బా మీద వెన్న అని ఉంది, లోపల గాలి. నా రోజుల్లో ఇలాంటి కొట్టుకి తాళమేసేవాణ్ణి' అన్నాడు. నమ్మకపోతే చీటీ చింపెయ్యమన్నాడు, నమ్మితే వచ్చి కూర్చోమన్నాడు. మా ఆవిడ ముందు పరువు తీశాడనుకో!"

"మరి నువ్వు నమ్ముతున్నావా?"

"ఏమో, తూచలేదు," అన్నాడు క్రెస్టెన్.

వెనక వరసలో టోర్కిల్ ఎప్పటి చోటే, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

విశ్వాస ప్రమాణానికి అందరూ లేచారు. అప్పుడు బయటపడింది, ఒక్కరికీ అది నోటికి రాదని. చిన్నప్పుడు నేర్చుకున్నది, ఎప్పుడో ఉప్పుగాలికి కొట్టుకుపోయింది. చర్చి నిండా తేనెటీగల రొద. హోల్గెర్ గారు కళ్ళద్దాల మీదుగా చూశారు. మారెన్ చెమటలు కక్కుతూ ఒక్కర్తే లాక్కొస్తోంది. అంతలో ఆ పేరు రానే వచ్చింది.

"పొంతి పిలాతు!"

ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. గోడవారనున్న మనవలు కూడా. కొయ్య ఓడ గిర్రున తిరిగింది. మళ్ళీ తేనెటీగలు.

కాఫీ దగ్గర హోల్గెర్ గారు మారెన్‌ని పక్కకి పిలిచారు. "డెబ్బై ఒక్క మంది. సంతోషం. తాళం మాట ఇక ఎత్తను. కానీ మీవాళ్ళకి పిలాతు మీద... భక్తి కాస్త ఎక్కువలా ఉందే?"

"స్థానిక ఆచారమండీ," అంది మారెన్.

తరువాత ఆయన కిటికీ దగ్గర జెరేనియం పక్కన నిలబడ్డ టోర్కిల్ దగ్గరికెళ్ళారు. "మీరేనా ఆ సభ్యుడు కానివారు? ఒక్క మాట అడగొచ్చా? మీరు ఇక్కడికెందుకు వస్తారు?"



"కాఫీ," అన్నాడు టోర్కిల్.

"అబద్ధం!" అంది బోదిల్. ఆర్గన్ బోదిల్ రాగ్నాకి స్వయానా చెల్లెలు, మొహమాటం ఎరగదు. "కడుపులో పుండు ఈయనకి. కాఫీ ముట్టుకుని పద్నాలుగేళ్ళైంది! ఏం బావా, ఆ కుండీ సంగతి చెప్పమంటావా?"

ఒక్క క్షణం అందరూ జెరేనియం వంక చూశారు. ఏడాదికొకటి చొప్పున తొమ్మిది జెరేనియంలు ఆ కిటికీలో ఎందుకు చచ్చాయో మారెన్‌కి అప్పుడు అర్థమైంది. ఈ మనిషి తొమ్మిదేళ్ళుగా కాఫీ కుండీలో వంపేసి ఖాళీ కప్పు చూపిస్తున్నాడు. జన్మలో ఒక్క దొంగతూకం తూచనివాడు ప్రతి ఆదివారం తూస్తున్నాడు!

టోర్కిల్ చెవులు ఎర్రబడ్డాయి. పట్టుబడ్డవాడు ఒప్పుకోవాలన్నది ఆయన పాత రూలే.

"ఈవిడ వచ్చిన మొదటి ఆదివారం, ప్రార్థనకి ముందు, తలుపు సందులోంచి చూశాను," అన్నాడు కప్పులోకి చూస్తూ. "కొయ్య బల్లల ముందు నిలబడి ఒక్కర్తే ఆశీర్వాదం చెప్పుకుంటోంది. అలవాటు చేసుకుంటోంది కాబోలు. పైన వినేవాడు ఉన్నాడో లేడో నేను తూచలేదు. కింద ఒకడు వింటున్నాడని మాత్రం పూచీ పడదామనుకున్నాను. అంతే. ఇందులో ఏముంది?"

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా?" అంది మారెన్.

"చెబితే నువ్వు నా ఒక్కడికోసం చెప్పేదానివి. అప్పుడు పైవాడికి తూకం తగ్గదూ, ఉంటే?"

హోల్గెర్ గారు చిన్న పుస్తకం తీసి, "హాజరు: డెబ్బై ఒకటి" అని రాసి, కాసేపు ఆలోచించి, కొట్టేసి, "డెబ్బై రెండు" అని రాశారు.

ఆ తరువాత టోర్కిల్ మూడేళ్ళు బతికాడు. ఆపిల్ చెట్ల మొదటి కాపుని కాటా మీద తూచి, "బాగున్నాయి" అని పూచీ పడ్డాడు. పోయేముందు మారెన్‌కి చీటీ రాసిపెట్టాడు: "పాటల్లో పక్షులు ఉండేట్టు చూడు. నువ్వు తూచనిది నా గురించి చెప్పకు."

ఆమె చెప్పలేదు. "ఆయన ఇప్పుడెక్కడున్నాడో నేను తూచలేదు," అంది అంత్యక్రియలనాడు, నిండిపోయిన చర్చిలో. "తొమ్మిదీ మూడూ పన్నెండేళ్ళు ఆ వెనక బల్ల మీద ఉన్నాడు. దానికి పూచీ నాది." భరతపక్షి పాట పాడారు. దేవదూతల వరస రాగానే ఎవరూ చెప్పుకోకుండానే ఊరంతా నోరు మూసుకుంది. ఆ రెండు వరసలూ బోదిల్ ఆర్గన్ ఒక్కటే పాడింది.

తరువాత కాఫీ. మారెన్ తన కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ అప్పటికే వరస కట్టి ఉన్నారు. ముందు బోదిల్, వెనక క్రెస్టెన్, ఆ వెనక వలలవాళ్ళు. ఒక్కొక్కరూ కుండీలో కాస్త కాస్త వంచి, ఏమీ ఎరగనట్టు పక్కకి తప్పుకుంటున్నారు. మారెన్ కూడా తన వంతు వంచింది.

ఆ వారంలోనే జెరేనియం చచ్చిపోయింది. అది దైవనిర్ణయమని మాత్రం టెర్నోలో ఒక్కరూ అనలేదు.