మార్సియాస్ అరుపు

నేపుల్స్ రేవులో ద్రాక్షసారా పీపాను ఒంటిభుజాన మోసేవాడు అనియెల్లో ఒక్కడే. ఆ ఒళ్ళు చూసే చిత్రకారుడు డాన్ తద్దెయో అతణ్ణి పిలిపించాడు. ఒక ప్రభువు మేడకు మార్సియాస్ బొమ్మ కావాలట. వేణువు ఊది అపోలో దేవుడితో పందెం కట్టి ఓడిపోయిన ఆ మేకకాళ్ళవాణ్ణి తలకిందులుగా కట్టి, బతికుండగానే తోలు ఒలిచే ఘట్టం.

"మొయ్యక్కర్లేదు, ఎత్తక్కర్లేదు. ఊరికే వేలాడితే కూలట!" అని భార్య పోర్జియాతో చెప్పి నవ్వాడు అనియెల్లో.

రెండు రోజులు కాసేపు వేలాడదీసి దించారు. మూడోనాడు తద్దెయో కుంచె విసిరికొట్టాడు.

"ఏమిట్రా ఆ మొహం? తోలు ఒలుస్తుంటే పెళ్ళికొచ్చినవాడిలా చూస్తావే!"

"అరుస్తూనే ఉన్నాగా దొరా."

"అది అరుపు కాదు, ఆవలింత."

ఈసారి చీలమండలకు తాడు తద్దెయో తనే బిగించాడు. తలుపు గడియ పెట్టి భోజనానికి వెళ్ళిపోయాడు. అనియెల్లో ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు, తర్వాత బతిమాలాడు. నెత్తురంతా తలకు దిగింది. పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. తద్దెయో తిరిగొచ్చేసరికి గొంతు చీలిపోయేలా అరుస్తున్నాడు.

"దించు దొరా! నీ బిడ్డలమీద ఆన, దించు!"

"అదీ! నోరు ముయ్యకు, అలాగే ఉండు," అంటూ తద్దెయో కుంచె అందుకున్నాడు. వెలుగు పోయేదాకా దించలేదు.

ఎడమకాలు నల్లబడింది. వారం తిరక్కముందే, కోతవైద్యం కూడా చేసే మంగలి రంపం పట్టి మోకాలి దాకా కోసేశాడు. పోర్జియా వెళ్ళి చిత్రకారుడి గుమ్మంలో శాపనార్థాలు పెడితే, "కూలి ఇచ్చాను కదమ్మా," అని తద్దెయో తలుపేసుకున్నాడు.

పండుగనాడు ప్రభువు మేడ తలుపులు ఊరందరికీ తీశారు. చంకకర్ర పట్టుకుని అనియెల్లో కూడా వెళ్ళాడు.

"ఆ నోరు చూడండి, అరుపు వినబడుతున్నట్టే లేదూ!" అంటోంది బొమ్మ ముందు ఒక దొరసాని.

"ఆ నోరు నాదేనమ్మా," అన్నాడు అనియెల్లో.

కాపలావాడు పకపకా నవ్వాడు. "వాడికి రెండు కాళ్ళున్నాయి కదరా, నీ రెండోది ఏదీ?" అంటూ మెడపట్టి మెట్లు దింపాడు.

చలికాలానికి ఇంట్లో రొట్టెముక్క కరువైంది. అప్పుడే తద్దెయో కబురంపాడు, కుంటి బిచ్చగాడి బొమ్మ గీయాలి రమ్మని.

"చస్తే చద్దాం, ఆ గడప తొక్కకు," అంది పోర్జియా.

"ఈసారి కూర్చోబెడతాడట," అన్నాడు అనియెల్లో.

అతణ్ణి చూడగానే తద్దెయో మొహం విప్పారింది. "ఎంత చక్కగా కుదిరావురా!"

అనియెల్లో చంకకర్ర పక్కన పెట్టాడు. చూపించిన చోట కూర్చుని, మొండికాలు వెలుగులోకి చాపాడు.