ఇంటికీ సావిడికీ మధ్య పందిరి

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర మా అమ్మాయి కొనాలనుకుంటున్న ఫ్లాటు చూడటానికి వెళ్ళాను. బాల్కనీలోంచి చెయ్యి చాస్తే పక్క అపార్టుమెంటు గోడ అందేలా ఉంది. "మధ్యలో కాస్త ఖాళీ వదలలేదేం బాబూ?" అంటే, చూపించడానికొచ్చిన కుర్రాడు "స్థలం వేస్టు కదండీ" అన్నాడు. నాకు మా నాయనమ్మ ఇల్లు గుర్తొచ్చింది.

విజయవాడ నుంచి బస్సులో వెళ్ళి, కాలవగట్టు మీద కాసేపు నడిస్తే వచ్చేది ఆ ఇల్లు. సొంత పొలం మట్టితో ఇటుక కోయించి, అక్కడే బట్టీ పెట్టించి కాల్పించి తాతయ్య కట్టించాడట. గోడలు ఎంత మందమంటే, కిటికీ గూట్లో నేను కాళ్ళు ముడుచుకుని నిద్రపోయేదాన్ని. పైన టేకు దూలాలు, బంగాళా పెంకు. పెరట్లో ధాన్యం కొట్టు, బాగా ఎడంగా తాటాకు గొడ్ల సావిడి, దాని వెనక గడ్డివామి. ఇంటికీ సావిడికీ మధ్య రెండెడ్ల బండి తిరిగేంత ఖాళీ. తాతయ్య పోయాక నాయనమ్మ ఆ ఖాళీ ఉంచలేదు. వానలో పాలచెంబుతో తడుస్తూ రాలేక వెనక వసారా నుంచి సావిడి గుమ్మందాకా తాటాకు పందిరి వేయించింది. ఆదివారం ప్రార్థనకొచ్చిన వాళ్ళకి ఇల్లు చూపించేది కాదు, పందిరి చూపించేది.

డెబ్బైల్లో నేను చిన్నపిల్లగా ఉన్న రోజులవి. చిన్నాన్నకి కొత్తగా పెళ్ళయింది. పిన్నిది విజయవాడ వన్ టౌన్, గొడ్లంటే హడల్. "పట్నం పిల్ల, పాలు పొంగిపోతున్నా చూడదు" అని నాయనమ్మ ఆమె వినేలానే అనేది.

మినుము నూర్పిళ్ళకి మగవాళ్ళంతా పొలం వెళ్ళిన ఒక మధ్యాహ్నం గడ్డివామి అంటుకుంది. దిబ్బ మీద పోసిన బూడిదలో నిప్పు మిగిలిందో ఏమో, ఎవరికీ తెలియలేదు. గాలి తిన్నగా ఇంటివైపే కొడుతోంది. అమ్మ కేకలు పెడుతూ పొలానికి పరుగెత్తింది. మేం చూస్తుండగానే సావిడి కప్పు అంచు ఎర్రబడింది. నాయనమ్మ లోపలికి దూరి ఆవుల్ని తోలేసింది గానీ, ఈనబోయే గేదె మాత్రం బెదిరిపోయి కదలనంది.

పిన్ని కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకుని వసారాలోకి వచ్చింది. "అత్తయ్యగారూ, బయటికి రండి! పందిరి కోసెయ్యాలండీ, లేకపోతే ఇల్లంటుకుంటుంది!"

"పందిరి మీద చెయ్యి వేశావో ఊరుకోను! నీళ్ళు పట్రా ముందు!"

సావిడికి ఉన్నది ఒకటే గుమ్మం, అది పందిరి కిందే. పందిరి పడితే నాయనమ్మ లోపల చిక్కుకుపోతుంది. పడకపోతే ఇల్లు పోతుంది. పిన్ని కత్తి కింద పడేసి, పొగలోకి వెళ్ళిపోయింది. నేను వసారా స్తంభం పట్టుకుని ఏడవటం కూడా మర్చిపోయాను. లోపల్నుంచి దగ్గు, గేదె అరుపు, ఏదో విరిగిన చప్పుడు. చాలాసేపటికి గేదె బయటపడింది. దాని వీపుకి రెండు చేతులూ ఆనించి నెడుతూ పిన్ని, ఆమె కొంగు పట్టుకుని నాయనమ్మ.

పిన్ని ఆగలేదు. కత్తి తీసుకుని పందిరి కట్లు తెగ్గొట్టింది. ఒక రాట పట్టుకుని లాగితే కదల్లేదు. సావిడివైపు ఆకులు అప్పటికే చిటపటలాడుతున్నాయి. నాయనమ్మ ఒకసారి ఆ మంట చూసింది, ఒకసారి ఇంటి కప్పు చూసింది.

"అది కాదే, ఈ రాట లాగు! దీని మీదే ఉంది బరువంతా!" అంటూ తనే వచ్చి పట్టుకుంది.

ఇద్దరూ వేలాడితే పందిరి భళ్ళున కూలింది. మండని ఆకుల్ని చేతుల్తోనే అవతలికి ఈడ్చారు. మగవాళ్ళు వచ్చేసరికి సావిడి బూడిద. ఇంటి వెనక గోడ ముట్టుకుంటే పెనంలా కాలింది గానీ ఇల్లు నిలిచింది.

"పందిరెవరు పీకేశారు?" అన్నాడు చిన్నాన్న.

"మేమే," అంది నాయనమ్మ, పిన్ని చేతి బొబ్బల మీద కొబ్బరినూనె రాస్తూ.

పందిరి మళ్ళీ వేయలేదు. వానాకాలం వస్తే నాయనమ్మ గోనెసంచి నెత్తిన వేసుకుని కొత్త సావిడికి వెళ్ళేది. పాలు పొంగితే పిన్నిని తిట్టడం మానలేదు. కాకపోతే ఇప్పుడు పిన్ని ఎదురు జవాబు చెప్పేది, నాయనమ్మ నవ్వేది.

ఆ రోజు నాయనమ్మకున్న వయసు పిన్ని ఎప్పుడో దాటేసింది. మొన్న ఇంటికొచ్చాక ఫోన్ చేసి, ఆ మంటలు గుర్తున్నాయా అని అడిగాను. "మంటలు సరిగ్గా గుర్తులేవే. ఆ గేదె వీపు మాత్రం గుర్తుంది, ఎలా వణికిందో," అంది. ఇన్నేళ్ళూ అంత పెద్ద భయాన్ని కొంచెం కొంచెంగా అరగదీసి, కాలం ఆమె అరచేతుల్లో ఆ వణుకొక్కటే మిగిల్చింది.