పాల క్యానులో ఐదు రోజుల పిండం: భిలాయి నుంచి రాయపూర్‌కి

భిలాయిలో మాకు వైద్యం చేసిన డాక్టరమ్మ వయసు మీదపడి క్లినిక్ మూసేస్తున్నారు. అక్కడ ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచిన మా పిండం ఒకటుంది. అంతకు ముందు నా కడుపులో వేయించుకున్న రెండూ నిలవలేదు, ఇదే ఆఖరిది. దాన్ని రాయపూర్ ఆసుపత్రికి చేర్చాలి. కొరియర్ వాళ్లున్నా మా ఆయన ససేమిరా అన్నారు. ఆయన ఉక్కు ప్లాంటులో ఆక్సిజన్ విభాగం మనిషి, ద్రవ నైట్రోజన్ ఆయనకు కొత్త కాదు. అనుమతి కాగితాలు చేతికొచ్చాక, మేమే తీసుకెళ్తామని క్లినిక్ వాళ్లను ఒప్పించాం.

ఉదయం ఎనిమిదింటికి క్లినిక్ ముందుకు టాక్సీ వచ్చింది. రానూపోనూ రెండు వేలు. పిండాన్ని పెట్టిన డబ్బా అచ్చం పాల క్యానులా ఉంటుంది. "దీదీ, పాలు డిక్కీలో పెట్టీమంటారా?" అన్నాడు డ్రైవరు. అది ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పడుకోబెడితే చల్లదనం పోతుంది. మా ఆయన దాన్ని వెనక సీట్లో కాళ్ల మధ్య ఇరికించుకున్నారు. ఇంతలో మాతో బయల్దేరిన మా అమ్మ సంచిలోంచి ఉన్ని శాలువా తీసింది.

"ఏటే, పిల్లని అంత సల్లలో ఎట్టుకెళ్తారా? ఇది సుట్టండి."

"అత్తయ్యా, ఆ చల్లదనమే దాన్ని బతికిస్తాది. మూత దగ్గర గాలి పోవాలి, కప్పీకూడదు" అన్నారు మా ఆయన.

"శాలువా వద్దన్నారు సరే, దిష్టిచుక్కకి కూడా అడ్డమేటి?" అంటూ క్యాను మీద కాటుక చుక్క పెట్టేసింది. దానికి మాత్రం ఎవరమూ అడ్డు చెప్పలేదు.

క్యానులోంచి వచ్చే గ్యాసు కారులో నిండకుండా అద్దాలు దించుకున్నాం. కుమ్హారి దగ్గర ఒక లారీ అడ్డొచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. మా ఆయన క్యానును వాటేసుకున్నారు.

"పాలు ఒలికిపోనాయా భయ్యా?"

"పాలు కాదు బాబూ, నా మనవడో మనవరాలో ఉన్నారందులో" అంది అమ్మ. అతను అద్దంలో ఒకసారి క్యానును చూశాడు. అక్కణ్నుంచి రాయపూర్ దాకా ఒక్క బండినీ దాటలేదు.

దారిలో అమ్మకు చెప్పాను. ఒక్క కణం రెండవుతుంది, రెండు నాలుగు, మూడో రోజుకి ఎనిమిది దాకా. తర్వాత ఒకే ముద్దలా దగ్గరపడి, ఐదో రోజుకి లోపల నీరు చేరి బుడగలా అవుతుంది. అందులో ఓ పక్కన ఉన్న చిన్న గుంపు బిడ్డవుతుంది, చుట్టూ ఉన్న పొర మావి అవుతుంది. సరిగ్గా అక్కడ ఆపి గడ్డకట్టించారు.

"రెండేళ్లయినా ఇంకా ఐదు రోజులదేనేటి?"

"ఐదు రోజులదే."

"అయితే మనం ఇన్నాళ్లు ఎదురుసూసేమని దానికి తెలీనే తెలీదు" అంది.

తొమ్మిదిన్నరకల్లా చేరాం. నా మందులూ రోజులూ కుదిరాయి కాబట్టి అదే రోజు వేస్తామన్నారు. కరిగించినప్పుడు పిండం ముడుచుకుపోయి ఉంటుందట. బతికుంటే నీరు నింపుకుని మళ్లీ ఉబ్బుతుంది, లేకపోతే మాకు ఇంకేమీ మిగల్లేదు. కింది క్యాంటీన్‌లో అటుకుల పోహా తెప్పించుకుని, గడియారం చూస్తూ కూర్చున్నాం. రెండు గంటల తర్వాత ల్యాబు అమ్మాయి పిలిచి తెర చూపించింది. ఉప్పు రేణువంత కూడా లేనిది, గుండ్రంగా, నిండుగా ఉంది. నేను ఏడ్చేశాను, మా ఆయన అదేదో తన డ్యూటీ అయినట్టు తెరకేసి తల ఊపుతూ నిలబడ్డారు.

మధ్యాహ్నం దాన్ని నా కడుపులో వేశారు. ఫలితం ఇంకా తెలియదు, రక్తపరీక్ష వచ్చే వారం. అయినా నాకు ధైర్యంగానే ఉంది. అంత చలినీ, కుమ్హారి బ్రేకునూ తట్టుకున్నది నా కడుపులో నిలవకుండా పోతుందా? ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఒక్క సలహా: శాలువా తప్పకుండా తీసుకెళ్లండి, వచ్చేటప్పుడు పనికొస్తుంది. తిరుగు దారిలో కారెక్కగానే అమ్మ దాన్ని నా పొట్ట మీద పరిచి, మా ఆయనకేసి చూసి అడిగింది.

"ఇప్పుడు కప్పొచ్చు కదేటి?"