మోటారు ఆగాక వినిపించిన మోత

దెయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వే. మోటార్ల వేగాన్ని అదుపు చేసే డ్రైవులు బాగుచేయడం నా పని. మా పనిలో మనుషుల్ని చంపేది దెయ్యం కాదు, ఎర్త్ వైరు లేని కరెంటు పెట్టె. అయినా అశోక్ నగర్‌లో ఒక మధ్యాహ్నం జరిగినదానికి నా చదువు జవాబు చెప్పలేకపోతోంది.

అదొక పాత అపార్ట్‌మెంటు. నీళ్ల మోటారుకు కొత్తగా డ్రైవ్ పెట్టించారు. ఆన్ చేసినప్పుడల్లా బ్రేకర్ పడిపోయి కరెంటు ఆగిపోతోంది. దానికి మనవాళ్లకు తెలిసిన వైద్యం ఒకటే, ఎర్త్ పీకేయడం. ఎవరో మేస్త్రీ ఆ పని చేసి, "ఇగ పడదు సార్" అని చెప్పి వెళ్లిపోయాడట. నిజంగానే పడలేదు. కానీ డ్రైవ్‌లో పుట్టే విద్యుత్ రొద భూమిలోకి పోయే దారి లేక చుట్టుపక్కల పరికరాల మీద పడింది. మోటారు తిరిగినంతసేపూ కింది ఫ్లాట్‌లో నరసింగరావు గారి చెవి మిషన్‌లో గుయ్యిమని మోత. ఆ ఫిర్యాదు మీదే నన్ను పిలిచారు.

పంపు గది ముందు ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి. నేనేం అడిగినా నవ్వుతూ తలూపారు. మాటలు తక్కువేమో అనుకున్నాను.

డ్రైవ్‌కు వచ్చే మెయిన్ ఆపాను. ఆపినా డ్రైవ్ లోపల కరెంటు కాసేపు నిలవ ఉంటుంది, దిగేదాకా ఆగాలి. ఆగాను. లోపలి ఎర్ర లైటు ఆరింది. మీటరు పెడితే సున్నా చూపించింది. రూలు ప్రకారం అన్నీ అయ్యాయి కదా అని చెయ్యి లోపలికి పోనివ్వబోయాను.

"ఆగు బిడ్డా! చెయ్యి పెట్టకు. ఇంకా మోగుతనే ఉన్నది!" అని అరిచారాయన.

మోటారు ఆగి చాలాసేపైంది. నాకు విసుగొచ్చింది. అయినా పెద్దాయన మాట తీసెయ్యలేక, మీటరును పక్క గది ప్లగ్గులో పెట్టి చూశాను. కరెంటున్న ప్లగ్గులోనూ సున్నాయే. మీటరు వైరు లోపల తెగిపోయింది. వేరే వైర్లు తగిలించి డ్రైవ్‌లో పెడితే ఐదొందల వోల్టుల పైమాటే.

ఆ వైర్లు పక్కన పెట్టి, డ్రైవ్‌కు దూరంగా జరిగాను. మా అమ్మాయి అప్పుడప్పుడే నడక నేర్చుకుంటోంది.

నిలవ కరెంటును దించే భాగం, దించడం మొదలవగానే కాలిపోయిందని తర్వాత తేలింది. లైటుకు కరెంటు వచ్చేదీ దాని గుండానే కాబట్టి అదీ ఆరింది. ఇంతవరకూ వింతేం లేదు.

అన్నీ సరిచేసి, ఎర్త్ బిగించి, "మోత పోయిందా సార్?" అని అడిగాను. మళ్లీ నవ్వి తలూపారు. లోపలినుంచి ఆయన కోడలు వచ్చింది.

"ఆయనకేం వినవడ్తది అన్నా! ఆ మోతకు పరేషానై పొద్దుగాలనే మిషన్ తీసి బీరువల పెట్టిన్రు. అది లేకుంటె పక్కన పటాకులు కాల్చినా వినవడది."

ఆమె మిషన్ తెచ్చి ఆయన చెవికి పెట్టాక, ఇందాక ఏం విన్నారని అడిగాను.

"గుయ్యిమన్నది బిడ్డా, అంతే. నువ్వు మంచిగున్నవ్ గద, ఇంక గా ముచ్చటెందుకు?" అని భుజం తట్టారు.

ఆయన అరిచినప్పుడు చెవిలో మిషనే లేదు, పైగా నిలవ ఉన్న కరెంటు రొద చెయ్యదు. చెవిలో మిషన్ ఉన్నా ఆ క్షణాన ఏమీ వినిపించకూడదు. ఎటునుంచి ఆలోచించినా ఆ మోత ఎక్కడిదో ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు.

అటువైపు పనిపడితే ఆయన దగ్గర కూర్చుని చాయ్ తాగి, కాళ్లకు దండం పెట్టి వస్తాను. మొన్న మా అమ్మాయిని కూడా తీసుకెళ్లి ఆయన ఒళ్లో కూర్చోబెట్టాను.