గుడ్డి ఎద్దుకు చెప్పి ముట్టే మా ఖాజా అన్న

నిన్న పొద్దున అంగట్లో దీపం వెలిగిస్తుంటే ఫోన్ వచ్చింది.

ఖాజా అన్న లేడట. నిద్రలోనే హార్ట్ ఎటాక్.

అగ్గిపుల్ల వేలికి చురుక్కుమనేదాకా అలాగే నిలబడిపోయాను.

మా ఆలూరు బయట, ఎవరూ సాకలేక వదిలేసిన ముసలి ఎద్దులకూ ఆవులకూ ఒక షెల్టర్ ఉంది. వాటిని చూసుకునేది ఖాజా అన్నే.

శుక్రవారం వస్తే మాలాంటి వాళ్లం గోమాతకని బెల్లం పొంగలి వండి తీసుకుపోయేవాళ్లం. అన్న గేటు దగ్గరే ఆపేవాడు.

"బువ్వ తింటే దానికి కడుపుబ్బుతాదమ్మా, పానానికే మోసం. పొంగలి నాకియ్యి, దానికి ఈ గడ్డి పెట్టు. మొక్కు నీకు తీరుతాది, ఆకలి నాకు తీరుతాది."

మా అత్తకు కోపం వచ్చింది. "గోమాతకు తెచ్చింది నువ్వు తింటావా ఖాజా?"

"నేనూ ముసిలెద్దునే గదమ్మా! నాగ్గూడా ఒక దండం పెట్టు, ఏం పోతాది!"

అత్త నవ్వేసింది. తర్వాతి వారం నుంచి నెయ్యి ఎక్కువ వేసి, అన్నకని వేరే డబ్బా కట్టింది.

అక్కడ చెన్నడని ఒక గుడ్డి ఎద్దు ఉన్నాడు. ముందుకాలి గిట్టలో పుండు. రోజూ కడిగి కట్టు మార్చకపోతే పురుగు పడుతుంది. కానీ అన్న తప్ప ఎవరు ముట్టినా తన్నేవాడు.

అన్న దూరం నుంచే మాట్లాడుతూ వచ్చేవాడు.

"చెన్నా, నేనే వస్తాండా. కాలు పట్టుకుంటాండా."

నాతో కూడా అనేవాడు, "కండ్లు లేనోన్ని చెప్పకుండా ముట్టగూడదు చెల్లీ, బెదురుతాడు."

నిన్న అన్నను మట్టి చేసే హడావిడిలో చెన్నడి కట్టు ఎవరూ మార్చలేదు.

ఈ రోజు పశువుల డాక్టర్ గారు వచ్చారు. చెన్నడు దగ్గరికే రానివ్వలేదు.

అన్న కూతురు షమీమ్‌కు కబురు చేశాం. వాచిన కళ్లతోనే వచ్చింది. గేటు దగ్గరి నుంచే మొదలుపెట్టింది.

"చెన్నా, నేను షమీమ్‌ను. నాయన ఇంక రాడు. నేనే వస్తాండా. కాలు పట్టుకుంటాండా."

చెన్నడు చెవి తిప్పాడు. చాలాసేపు అలాగే విన్నాడు.

తర్వాత కాలు ఎత్తనిచ్చాడు.

షమీమ్ కట్టు విప్పుతుంటే నేను నీళ్ల గిన్నె పట్టుకున్నాను. అన్న చివరిసారి కట్టిన కట్టు. వదులు కాలేదు. లోపల పురుగు లేదు.

అన్నా, పుండు మానుతోంది. ఇక నువ్వు నెమ్మదిగా పడుకో.

మీ అల్లా నీకు చల్లని చోటు ఇవ్వాలని మా దేవుడు రాయరి ముందు దీపం పెట్టాను.