కాగ్నాను పెరట్లో పారించిన ఇంజనీరు

అరవయ్యో దశకం మొదట్లో తాండూరుకు వచ్చిన ఆ ఇంజనీరు, కాగ్నా నది ఒడ్డున వరద గోడ ఎక్కడ కట్టాలో తేల్చడానికి ఆఫీసు పెరట్లో ఇసుకతో ఆ నదినే చిన్నగా మలిచాడు. గోడకు బదులు నాపరాయి ముక్కలు నిలబెట్టాడు. వంపులో నీటి వేగం బయటి ఒడ్డునే ఎక్కువని గ్రంథాలయంలో చదివిన నేను, అది కళ్లారా చూడాలని రోజూ వెళ్లేవాణ్ణి. నీళ్లు వదిలి, వాటి దారి కనబడేలా రంపపు పొట్టు చల్లి, ఆయన ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "జర ఆగుండ్రి, నీళ్లను చెప్పనీయుండ్రి."

ఒకనాడు ఎదుటి ఒడ్డున చేనున్న అవ్వ వచ్చింది. "నువ్వు గోడ కడితె నా చేను కొట్టుకపోతదా, సారూ?"

"నీళ్లు నువ్వే పొయ్యి, చూద్దాం," అని ఆయన బిందె ఆమెకే ఇచ్చాడు.

నీళ్లు గోడకు తగిలి, ఎదుటికి మళ్లి, ఆమె చేనున్న చోట ఇసుకను కోసేశాయి.

"అయ్యో, నా జొన్న పాయె! నీ గోడ పాడుగాను!"

ఆ రాళ్లు నిలబెట్టింది పైవాళ్లు అప్పటికే ఒప్పుకున్న నక్షా ప్రకారమే. అయినా ఆయన అక్కడికక్కడే రాళ్లు పీకి, నదికి చోటు వదిలి వెనక్కి జరిపాడు. "మళ్ల పొయ్యి, అవ్వా." ఈసారి పొట్టు నడిమధ్య నుంచి సాగిపోయింది.

అసలు గోడ కూడా అలా వెనక్కి జరిపిన చోటే కట్టారు. తొలి వరదకు మేమంతా ఒడ్డున నిలబడ్డాం. ఎర్రనీళ్లు ఆమె చేను అంచును తాకి, మెల్లగా నడుమకు మళ్లాయి. ఆయన రెప్ప వేయలేదు.

"ఇగ ఊపిరి తీస్కో, సారూ," అంది అవ్వ. "వరద నా చేను దాటిపోయింది."